నలభై క్షేమాలు

తుఫాను తీరం దాటిన ఉదయం ఫోన్లన్నీ మూగబోయాయి. కుట్టుపని చేసుకునే నూకరత్నం పాతికేళ్ల అలవాటు ప్రకారం బడి వరండాలో హామ్ రేడియో ముందు కూర్చుంది. మత్స్యకారుల పేటలో చేతిరేడియోలు పంచిన నలభై ఇళ్లనూ పేరుపేరునా పిలిచింది. నలభై ఇళ్లూ "క్షేమమేనండి, ఓవర్" అన్నాయి. ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంది.

"ఇంకేం, సాయం పడవని పక్క పేటకి పంపేద్దామా?" అన్నాడు వీఆర్వో మాణిక్యాలరావు.

"ఆగండి బాబూ!"

ఆమెకు ఏదో వింతగా తోచింది. ప్రతి తుఫానుకీ జనం ఆత్రంకొద్దీ ఒకేసారి మీట నొక్కేసేవారు. మాట మీద మాట పడి రేడియో కీచుమనేది. ఇవాళ ఒక్కరూ వంతు తప్పలేదు. ఇప్పుడు ఇంటింటా బ్యాటరీతో నడిచే గొంతుపెట్టె అనే యంత్రం ఉంది. ఫోనుకీ, తలుపు తట్టినవాళ్లకీ యజమాని గొంతుతో అదే జవాబిస్తుంది. రేడియో పిలుపుకీ తనలోని రేడియోతో అదే పలుకుతోందా?

మళ్లీ మొదటినుంచి పిలిచింది. పంతొమ్మిదో ఇంట్లో పోలయ్య గొంతు "క్షేమమే" అంటుండగా రేడియో కీచుమంది. నూకరత్నం కళ్లు మెరిశాయి.

"పెట్టెలన్నీ నోరు ముయ్యండి! పోలయ్యా, నువ్వు చెప్పు."

"దాని మాట నమ్మకక్కా! గోడ కూలి నా కాలి మీద పడిపోయింది. రేడియో ఇప్పుడే చేతికందింది!"

వీఆర్వో పడవ వైపు పరుగెత్తాడు. నూకరత్నం కాగితం మీది క్షేమాలన్నీ కొట్టేసి మీట నొక్కింది.

"ఈసారి అందరూ ఒక్కసారే మాట్లాడండి."