గోడవార దొంతులు

తమ్ముడు ఏలీయాకు నందిగామ నుంచి నీ అక్క పాస్టరుగారి చేత రాయిస్తున్నది. నా కోడలు జయమణి మీద పంచాయితీ ఉంది, జగ్గయ్యపేట నుంచి రమ్మని మొన్న నీకు కబురు పెట్టాను. ఆ సంగతి విను.

ఇల్లు సర్దుతానని గోడవార ఉన్న తిరగలి, గింజల బాన, కుండల దొంతులు అన్నీ కొట్టంలోకి ఎత్తించేసింది.

"చీపురు తిరగట్లేదత్తమ్మా. దొంతుల వెనక తేళ్లు కాపరం పెట్టాయి" అంది.

"అవి నీకంటే ముందొచ్చాయే! పెద్దకోడళ్లు!" అన్నాను. నవ్వుతూ చీపురు అందుకుంది.

అసలు మాట దానికి చెప్పలేదు. ఏడాదిగా నాకు చూపు ఆనడం లేదు. మంచం దిగి తిరగలి, బాన, దొంతులు వరసగా తడుముకుంటూ పెరట్లోకి పోయేదాన్ని. గుడ్డిదాన్నని తెలిస్తే పొయ్యి దగ్గరికి రానిస్తారా? గోడవార ఖాళీ అయ్యాక మంచం దిగలేక, కూర్చున్నచోటి నుంచే దాన్ని తిట్టిపోశాను.

నిన్న గోడలకు మట్టి మెత్తింది. ఈ పొద్దున ఉండబట్టలేక లేచి గోడ తడిమాను. నడుమెత్తున వేలంత లావు మట్టిగట్టు చేతికి తగిలింది. మంచం దగ్గర మొదలై పెరటి తలుపు దాకా ఎక్కడా తెగలేదు. గడప వచ్చేచోట ఒక బొడిపె కూడా ఉంది.

"ఇదేంటే?" అన్నాను.

"మట్టి మిగిలిందత్తమ్మా" అంది.

పంచాయితీకి రావద్దు. ఊరికే చూడటానికి వస్తే మాత్రం గోడకు వీపు ఆనించకు. ఆ గట్టు ఇంకా ఆరలేదు.