ఎండాకాలం కొలత

ఆ ముసలాణ్ణి చూస్తేనే దివాను సూర్యప్రకాశానికి ఒళ్ళు మండింది.

నిడదవోలు కాలవ గట్టున అప్పాజీ పడవలు అమ్మే చోటు అది. వైశాఖమాసం. మరమ్మతులకని కాలవ కట్టేశారు. అడుగున మిగిలిన నీళ్ళలో రెండు ఇంటి పడవలు నిలబడి ఉన్నాయి.

జమీందారు గారికి కొల్లేటి పిట్టల వేటంటే పిచ్చి. రాబోయే చలికాలానికి ఒక దొరగారిని కూడా పిలిచారు. వారం రోజులు తిండీ పడకా పడవలోనే. వేట సరంజామా అంతా వెంటే రావాలి. గుడారాలు, గుంజలు, వలలు ఒక ఎత్తు; పన్నెండేసి మూరల పొడుగున్న వేట దోనెలు రెండూ ఒక ఎత్తు.

పోయినేడు ఆ దోనెలు మోసిన బళ్ళు బురదలో దిగబడి వేట పాడైంది. ఈసారి తేడా వస్తే వేరే కొలువు చూసుకోమని జమీందారు గారు దివానుకు ముఖానే చెప్పారు.

అందుకే సూర్యప్రకాశం పొద్దుటినుంచీ ఆ రెండు పడవల చుట్టూ తిరుగుతున్నాడు.

ఒకటి పాతది, పొట్టిది. దోనెలు లోపలే పడతాయి గానీ మంచాలకు చోటు చాలదు.

రెండోది కొత్తది, ఎత్తయినది. అద్దాల కిటికీలు, వేరే పడకగది. దోనెలు కప్పు మీద కట్టుకోవచ్చని అప్పాజీ చెప్పాడు.

సూర్యప్రకాశం మెట్ట మనిషి. పడవల సంగతి తెలియకపోయినా జాగ్రత్త ఎక్కువ. కప్పు మీద దోనెలంత ఎత్తున వాసాలు పేర్పించి, పడవను వంతెన కిందికి లాగించి, వెదురుగడతో తనే కొలిచాడు.

కమానుకి ఇంకా రెండు మూరల ఖాళీ ఉంది.

అప్పుడు లేచాడు ముసలాడు. అంతసేపూ పాత పడవ నీడలో కూర్చుని చద్దన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, కొత్త పడవ చెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇది మీ పనికి రాదండి. పాతది తీసుకోండి. బరువు కడుపులో ఉండాలండి, నెత్తి మీద కాదు."

సూర్యప్రకాశానికి సంగతంతా అర్థమైపోయింది. పాత పడవ వీడిదే. దాన్ని అంటగట్టడానికి మంచి పడవకి వంక పెడుతున్నాడు.

"నిన్నెవడడిగాడు? ముందా చెయ్యి తియ్యి, రంగు మాసిపోతుంది."

ముసలాడు చెయ్యి తీశాడు.

"తమరు కొలిచింది ఎండాకాలం కొలతండి. రేపు నీళ్ళు వదిలాక..."

"నోరు ముయ్యి."

దివాను మనుషులు ముసలాణ్ణి రెక్కలు పట్టుకుని గట్టు దాటించారు. వాడు వెనక్కి తిరిగి తిరిగి ఏదో చెబుతూనే ఉన్నాడు. అప్పాజీ తల వంచుకుని నిలబడ్డాడు.

బేరం కుదిరింది.

మార్గశిరంలో జమీందారు గారు, దొరగారు, వాళ్ళ వెనకే దివాను ఆ పడవెక్కారు. కప్పు మీద దోనెలు బిగించారు. కాలవ రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది.

మొదటి వంతెన దగ్గరే సరంగు కేకేశాడు. ఎండాకాలం కంటే ఇప్పుడు నీళ్ళతోపాటు పడవా నాలుగు మూరలు పైకి లేచి ఉంది. గడ వేసి ఆపబోతే ప్రవాహం ఆగనివ్వలేదు.

దోనెలు కమానుకి కొట్టుకున్నాయి. కప్పు సగానికి లేచిపోయింది. అద్దాలు పగిలి దొరగారి మొహం నెత్తురైంది. జమీందారు గారు కాలవలో పడితే సరంగు జుట్టు పట్టి పైకి లాగాడు.

ఒడ్డెక్కగానే, తడిబట్టలతోనే ఆయన దివాను ఉద్యోగం తీసేశారు.

పద్దెనిమిదేళ్ళ కొలువు. సూర్యప్రకాశం అక్కణ్ణుంచి ఇంటికి పోలేదు. తిన్నగా అప్పాజీ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ పడవ కట్టినవాడెవడు? వాణ్ణి నా ముందు నిలబెట్టు. మనుషుల్ని ముంచే పడవ కట్టిన ఆ చేతులు విరిచేస్తాను."

"కట్టింది గంగయ్యండి. ఈ కాలవ మీద అంతటి వడ్రంగి లేడండి. మనుషుల కోసం కట్టాడండి దాన్ని, సామాన్ల కోసం కాదు."

"మరి ఆ రోజు నువ్వు నోరెందుకు విప్పలేదు?"

"అమ్ముకునేవాణ్ణండి."

సూర్యప్రకాశానికి ఇంకా మండింది. "ఆ పాత పడవ ముసలాడు నయం. వాడి పడవ అమ్ముకోవడానికైనా ఒక నిజం చెప్పాడు."

"అతనికి పడవలు లేవండి. రెండూ నావే."

"అయితే ఆ గంగయ్యనే పిలు. వాడితోనే తేల్చుకుంటాను."

"రాలేడండి. ఆశ్వయుజంలో జ్వరమొచ్చి పోయాడు," అన్నాడు అప్పాజీ. "ఆ రోజు రంగు మాసిపోతుందని తమరు తీయించింది ఆయన చెయ్యేనండి."