మూత లోపలి గీత

ఐస్ దిమ్మలతో నడిరోడ్డు మీద ఆగిపోయిన పాత పికప్ బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూసింది డ్రైవరమ్మ: లోపల ఎవరో పెన్సిల్‌తో గీత గీశారు.

ప్లగ్గులకు కరెంటు పంచేది ఆ మూతే. పెన్సిల్ గీతలో కరెంటు పారుతుంది గనక, ఒక ప్లగ్గుకు చేరాల్సింది దాని వెంబడి పక్కదానికి పారిపోతోంది.

ఇన్నాళ్ళూ బండి దగ్గుతూ, ఆగుతూ మిస్సింగ్ కొట్టింది అందుకన్నమాట!

గుడ్డతో తుడిచి, మూత బిగించి తాళం తిప్పింది. ఇంజన్ కుదురుగా అందుకుంది.

అప్పటికే సగం ఐస్ రోడ్డు పాలైంది.

"నేను పంపేది ఐసు, మార్కెట్‌కు చేరేది నీళ్ళు," అన్నాడు ఫ్యాక్టరీ యజమాని. "ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే బండి పెట్టుకుంటానమ్మా."

అంత పాత బండికి మరొకరు పని ఇవ్వరు. ఆ బాడుగ పోతే మంచం పట్టిన మొగుడికి మందుల్లేవు, ఇంట్లో పొయ్యి వెలగదు.

నేరుగా మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. ఆమెకు స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే. మూత విప్పడం నేర్పిందీ ఆయనే.

"బాబాయ్, ప్లగ్గులు మార్చావు, వైర్లు మార్చావు, కాయిల్ మార్చావు. లోపల గీత ఉందయ్యా!"

"గీతా?" మెకానిక్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అయితే ఇది రోగం కాదమ్మాయ్, చేతబడి. బండి రాత్రిళ్ళు ఎక్కడ పెడుతున్నావ్?"

"ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర."

"అక్కడ కొత్తగా చేరిన మనిషెవడైనా ఉన్నాడా?"

ఉన్నాడు. లోడెత్తే హమాలీ. మాటకు మాట బదులు చెప్పడు గనక అందరూ 'ముంగి' అంటారు.

"ముంగులే ముంచుతారు," అన్నాడు మెకానిక్. "పొద్దున్నే వెళ్ళి పట్టుకుందాం. ఈలోగా నువ్వు టీ తాగి రా, బండి ఓసారి చూసి పెడతాను."

తాను పని చేస్తుంటే పక్కన మనిషి నిలబడటం ఆయనకు గిట్టదు. షెడ్డులో ఎప్పుడూ అదే పద్ధతి.

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు.

ఆమె రాత్రి గేటు దగ్గర వదిలిన పికప్ బానెట్ లేచి ఉంది. ముంగి చేతిలో మూత ఉంది. మూతలో గీత ఉంది.

"దొరికావురా దొంగా!" డ్రైవరమ్మ అతని చొక్కా పట్టుకుంది. "నా నోటి కాడ కూడు లాగేస్తే నీకేమొస్తుంది?"

ముంగి ఆమె వైపు చూడలేదు. ఆమె వెనక నిలబడ్డ మెకానిక్ వైపు చూశాడు.

మెకానిక్ టైరు వైపు చూస్తున్నాడు.

"గీసింది నువ్వేనా? చెప్పు!"

"నేనే అనుకోండమ్మా."

"అనుకోవడమేంట్రా, చేతిలో పెట్టుకుని!"

యజమాని అతన్ని అప్పటికప్పుడే పొమ్మన్నాడు. చొక్కా సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు ముంగి.

"పీడ విరగడైంది. అయినా బండి ముసలిది. వారం వారం తెచ్చి చూపిస్తూ ఉండు," అన్నాడు మెకానిక్.

వారం తిరగ్గానే ఆమె అలాగే చేసింది. షెడ్డుకు వెళ్ళేముందు మాత్రం, ఎందుకైనా మంచిదని, మూత విప్పి చూసుకుంది. అద్దంలా శుభ్రంగా ఉంది.

మెకానిక్ చూసి ఇచ్చాక నేరుగా లోడుకు వెళ్ళింది. బండి దగ్గర నుంచి అడుగు కదల్లేదు.

మార్కెట్ ఇంకా కనుచూపు మేరలో లేదు. ఇంజన్ దగ్గింది, కుదిపింది, ఆగిపోయింది.

మూత విప్పింది.

గీత.

ఐసు నీళ్ళు ఆమె కాళ్ళ కింద పారుతున్నాయి.

యజమాని అన్నంత పనీ చేశాడు. ఆ మధ్యాహ్నమే ఐస్ వేరే బండి ఎక్కింది.

మూత తీసుకెళ్ళి మెకానిక్ ముందు పెట్టింది.

"ఈసారి ముంగి లేడు బాబాయ్."

ఆయన మూతను వేలితో పక్కకు జరిపాడు.

"నీ ఇంటి పిల్లననుకున్నాను. బ్రేకు మీద కాలు పెట్టడానికి భయపడితే ధైర్యం చెప్పావు. ఆ చేతుల్తోనే ఇది గీశావా?"

మెకానిక్ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ మనిషిని దొంగని చేశాను. పక్కనే ఉన్నావే, నీకు నోరెలా రాలేదు? ఎక్కడున్నాడతను? కాళ్ళు పట్టుకోవాలి."

"తెలీదమ్మాయ్. నేనూ వెతికాను. ఊళ్ళో లేడు."

"ఆ రోజు అతను నీ వైపే చూశాడు. నీ మీద అంత దయెందుకు? నీ పేరెందుకు చెప్పలేదు?"

మెకానిక్ కళ్ళద్దాలు తీసి మూత పక్కన పెట్టాడు.

"గీసింది నేనే. ఇప్పుడొచ్చే బండ్లన్నీ కంప్యూటర్ పెట్టి చూస్తున్నారు. నా షెడ్డుకు వచ్చేది నీ బండొక్కటే. అది బాగుపడితే నేను తలుపులు మూసుకోవాలి. సాయంత్రం నేను గీస్తే, వీలు చిక్కిన పొద్దున వాడు తుడిచేవాడు. ఈ గీత చిన్నప్పుడు ఇద్దరం సరదాకి కనిపెట్టిందే, అందుకే చూడగానే పోల్చుకున్నాడు. నా పరువు పోకూడదని తన మీద వేసుకున్నాడు... వాటా అడిగాడని ఈ షెడ్డులోంచి నేను మెడపట్టి గెంటేసిన నా తమ్ముడమ్మా వాడు."