పురుగు పట్టకుండా

"ఏంటి బావా ఈ కంపు?" గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు బావమరిది.

"పెరటి గుంటలో వెదురు గడలు నానబెట్టాను. నానకపోతే పురుగు తొలిచేస్తుంది. నువ్వొస్తే పడుకోడానికి మేడ మీద గది కడుతున్నాగా."

వస్తే నెలదాకా కదలని మనిషి, మంచినీళ్లైనా తాగకుండా వచ్చిన బండిలోనే వెనక్కి వెళ్లిపోయాడు.

ఇక భార్య ఇల్లు పీకి పందిరేస్తుందని బావ బిక్కచచ్చిపోయాడు. ఆమె మాత్రం తిన్నగా పెరట్లోకి నడిచి, పైకి తేలుతున్న గడలను నీళ్లలోకి నొక్కి, మీద ఓ రాయి పెట్టింది.

"ఇంకో రెణ్ణెల్లు నాననివ్వండి. గదికి తొందరేముంది?"

"మీ తమ్ముడు కదే..." అతను నసిగాడు.

"వాడంటే మీకు ప్రాణం కదా అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

ఆమెకు ప్రాణం కదా అని ఇన్నేళ్లూ పళ్లు బిగబట్టిన అతను వెళ్లి ఇంకా పెద్ద రాయి మోసుకొచ్చాడు.