మంచం కిందికి దూరే మోడల్

"ఇది బ్యాగుది. ఇది బ్యాగు లేనిది. ఇదిగో, ఇది తనంతట తానే ఇల్లంతా తిరిగేది," అన్నాడు షాపులో సేల్స్‌మన్.

మూడు వాక్యూమ్ క్లీనర్ల ముందు భార్యాభర్తలిద్దరూ ప్రశ్నపత్రం అందుకున్నవాళ్ళలా నిలబడ్డారు.

భర్త మొదటిదాన్ని ఎత్తి చూశాడు. బరువు. రెండోదాన్ని ఆన్ చేయించాడు. దాని గోలకి పక్కన ఫ్రిజ్‌లు చూస్తున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"ఈ మూడోది మంచం కిందికి వెళ్తుందా?" అడిగింది భార్య.

"మూడంగుళాల ఎత్తేనండి. గోడ దాకా వెళ్ళి వస్తుంది."

ఆవిడ భర్తను చూసి నవ్వింది. "మనింట్లో ఊడ్చే ఆమె ఏమందో తెలుసా? 'ఏ మిషనైనా కొనుక్కోండమ్మా, పెద్దాయన మంచం కిందికి దూరేది మాత్రం వద్దు' అంది."

"ఆ మంచం కింద చోటైనా తనకి మిగల్చమంటోంది, పాపం."

"పని పోతుందని భయం. ఇంకేముంటుంది?"

మూడోదే కొన్నారు.

ఆదివారం ఊడ్చే ఆమెను ఇక రావద్దన్నారు. ఆమె గొడవ పెట్టుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అమ్మా, పెద్దాయన మంచం కింద రోజూ ఒకసారి వంగి..."

లోపల మంచం మీద కూర్చున్న పెద్దాయన, అంటే భర్త తండ్రి, ఆమెకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె మాట మింగేసింది.

"వంగక్కర్లేదనే కదా మిషన్ కొన్నది!" అంది కోడలు.

పెద్దాయన నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి. చేతి నుంచి ఒక్క స్క్రూ జారనిచ్చి ఎరగనని ఇప్పటికీ గొప్పలు పోతాడు. ఆయనకు బీపీ. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి కోడలు ఒక మాత్ర, గ్లాసుడు నీళ్ళు పక్కన పెట్టి, "మామయ్యా, మాత్ర!" అని కేకేసి ఆఫీసుకు పరుగెత్తుతుంది. "బాగా చూసుకుంటున్నారమ్మా" అని డాక్టరు మెచ్చుకున్నప్పుడల్లా మురిసిపోయేది. అందులో తప్పేమీ లేదు, మాత్ర పెట్టడం నిజమే.

కొత్త మిషన్‌కి ఇంట్లో 'తాబేలు' అని పేరుపడింది. తొమ్మిదింటికి, ఇదివరకు ఊడ్చే ఆమె వచ్చే వేళకి, దానంతట అదే లేచి ఇల్లంతా తిరిగి, మంచం కింద దూరి వచ్చి మూలన పడుకునేది. ఇల్లు అద్దంలా ఉండేది.

మూడో వారంలో పెద్దాయన బాత్రూమ్ గుమ్మంలో కుప్పకూలాడు.

"మాత్రలు ఎప్పుడు మానేశారు?" ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట.

"మానడమేంటండీ! రోజూ నా చేత్తో పెడుతున్నాను." కోడలికి రోషం వచ్చింది.

బట్టలు తేవడానికి ఇంటికెళ్ళిన కొడుక్కి తాబేలు ఎర్రలైటు వేసుకుని కనిపించింది. దుమ్ము డబ్బా నిండిందట. విప్పి పాత పేపరు మీద బోర్లించాడు. దుమ్ములోంచి తెల్లటి మాత్రలు ఒక్కొక్కటే దొర్లాయి.

పేపరు అలాగే పొట్లం కట్టి ఆసుపత్రికి పరుగెత్తాడు.

పొట్లం చూసి పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. కుడిచెయ్యి చచ్చుబడి పక్క మీద పడి ఉంది. మాట ముద్దగా వచ్చింది.

"వేళ్ళు వణుకుతున్నాయిరా. నోటి దాకా వెళ్ళేలోపే జారిపోతోంది. వంగి తీసుకోలేను. మీతో చెప్పాలంటే సిగ్గేసింది."

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"రెండేళ్ళు."

ఫైలు తిరగేస్తున్న డాక్టరు ఆగాడు. "రెండేళ్ళా? పోయిన నెల వరకూ బీపీ మామూలుగానే ఉందే! మరి మాత్ర లోపలికెలా వెళ్ళింది?"

ఊడ్చే ఆమె గుమ్మంలో సగంలో ఆపేసిన మాట కోడలికి గుర్తొచ్చింది. కళ్ళు నీళ్ళతో నిండాయి.

"ఒక్క మాటైనా నాతో అనలేదేం మామయ్యా, ఆమె?"

"చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నానమ్మా," అన్నాడు పెద్దాయన. కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"వచ్చీ రాగానే ఆ మాత్ర వెతికి తీసి, తుడిచి, నా నోట్లో వేసి నీళ్ళు పట్టించేది. నేను మింగేదాకా చీపురు ముట్టుకునేది కాదు."