చివరి నిమిషం గోల్

ఇప్పుడు డాలస్‌లో మ్యాచ్‌ని ఎవరికి నచ్చినట్టు వాళ్ల స్మార్ట్ కళ్లద్దాలకు వండి పంపుతున్నారు. గోల్స్ పడకపోతే సాకర్ విసుగనే శశాంక్‌కు లేని గోల్స్ కలిపి చూపిస్తారు. అతని భార్య నీలవేణికి ఉన్నదున్నట్టు చాలు.

డ్యూటీ నుంచి వచ్చి, మ్యాచ్ చూస్తూ బట్టలు మడతపెడుతోంది ఆమె. పక్కన అతను అరిచాడు.

"గోల్!"

"ఎక్కడండీ? బంతి ఇంకా మధ్యలోనే ఉంది."

"ఆ నత్తనడక ఎలా చూస్తావు నువ్వు?"

"పడుతుందేమోనని ఎదురుచూస్తాను. ఆటంటే అదేగా."

"నాకంత ఓపిక లేదు."

చివరి నిమిషంలో నిజంగానే గోల్ పడింది. ఒళ్లో బట్టలు జారిపోతున్నా లేచి, నీలవేణి అతని చెయ్యి పట్టుకుంది.

"చూశారా!"

"ఇందాకటి నుంచీ పడుతూనే ఉన్నాయిగా," అన్నాడతను ఆవలిస్తూ.

ఆమె చెయ్యి వదిలేసి, కింద పడ్డ బట్టలు మళ్లీ మడతపెట్టసాగింది.