కుమ్మరి బీడు

“ఈ కూజాని ఇక్కడ పాతిపెట్టింది ఎవరు?”

గోతిలోంచి తలెత్తి అడిగింది రోవీనా. పాత కట్టడాలు తవ్వి చూసే మనిషి, ఎక్సెటర్ నుంచి వచ్చింది. గట్టుమీదున్న ముసలి గొర్రెలకాపరి హెస్టర్‌కి తాగుతున్న టీ కాస్తా పొలమారింది.

“పాతడమేంటమ్మాయ్? విక్టోరియా రాణి నాడు ఇక్కడ కుండల కార్ఖానా ఉండేది. మా ముత్తాత ఆ బట్టీలో కట్టెలు ఎగేసినోడు. కూజాలు దొరక్క కోడిగుడ్లు దొరుకుతాయా?”

కార్ఖానా ఆనవాలు తేలితే బీడు ఊరికి మిగుల్తుంది. తేలకపోతే దీనిమీద కన్నేసిన కంపెనీ ఒకటి ఇక్కడ లండన్ బాబులకి సెలవుల ఇళ్ళు కడుతుంది, మేత లేక హెస్టర్ గొర్రెలు సంతకెళ్తాయి. డబ్బున్నవాడికి బీడంటే ఖాళీ జాగా. ఊరికది కడుపుకూడు.

రోవీనా కూజాని వెలుతురుకి తిప్పింది. “అడుగున యాపిల్ కల్లు మరక. ఎక్కడా పగుల్లేదు. బాగున్న కూజాని కార్ఖానావాడు అమ్ముకుంటాడు గానీ మట్టిలో పూడుస్తాడా, హెస్టర్ గారూ?”

పక్కింటి విల్ఫ్రెడ్ పైపు పీలుస్తూ కిసుక్కుమన్నాడు. “కనీసం కడిగి పాతమన్నానా లేదా?”

“నువ్వు నోర్ముయ్యవయ్యా!” హెస్టర్ రోవీనా వైపు తిరిగింది. “సరే, మా అమ్మమ్మ కూజా. పాతింది నేనే. జైల్లో పెట్టిస్తావా?”

“ఎందుకు? నాకు కావలసింది చెత్త. వంకరపోయినవి, పగిలినవి, బట్టీలో ఒకదానికొకటి అంటుకుపోయినవి. వాటిని అక్కడే పారేసేవాళ్ళు. అవే అసలు రుజువు. ఆ గుట్ట చూపించండి, ఇక్కడ ఒక్క ఇటుక పెట్టనివ్వను. పొద్దుట్నుంచి ఒక్క పెంకూ దొరకలేదు.”

హెస్టర్ గొంతు తగ్గింది. “తేనెరంగు పూత కారి, గట్టిపడ్డ ముద్దలా?”

“అవే! చూశారా?”

“చూడకేం? ఈ మూలే గుట్టగా ఉండేవి. కింద మసిబట్టిన ఇటుకలు గుండ్రంగా. చదువుకున్న పిల్ల వస్తోంది, ఈ చెత్త చూస్తే మన పరువేం కాను అని... ఊరంతా దిగి పెకలించేశాం. ఊడ్చాం కూడా.”

విల్ఫ్రెడ్ నోట్లోంచి పైపు తీసేశాడు. రోవీనా గోతిలోనే చతికిలబడింది.

“అంతా ఎక్కడ పోశారు?”

“మాకేం తెలుసమ్మా? చుట్టం వచ్చేలోగా శుభ్రం చేసుకోండని, జేసీబీని, లారీని పైసా అడక్కుండా పంపింది ఆ కంపెనీవాళ్ళే.”